బాణీ కట్టేవారు, వాద్యాలు కూర్చేవారు

1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ని పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చెబుతారు. దాన్ని తీసింది అమీర్‌పేట సారథి స్టూడియోలో. అప్పటికి ఊరి శివారు కిందే లెక్క. తర్వాత 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు లేచాయి. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ తలుపులు తెరిచింది. కెమెరాలు, సెట్లు, నటులు, ఎడిటింగ్ గదులు ఒక్కొక్కటిగా హైదరాబాద్ చేరాయి. సంగీతం మాత్రం చాలాకాలం మద్రాసు వదల్లేదు. 1989లో ‘శివ’ను హైదరాబాద్‌లో తీశారు, దానికి ఇళయరాజా సంగీతం మద్రాసులో తయారైంది.

ఎందుకింత ఆలస్యం? సంగీత దర్శకుడు హార్మోనియం పట్టుకుని రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి నాంపల్లిలో దిగగలడు. పాతిక ముప్పై వయొలిన్లను, చెల్లోలను, వేణువులను వెంటబెట్టుకు రాలేడు. అంతకంటే ముఖ్యం, ఆ వాద్యాల్లో ఏది ఎప్పుడు ఏ స్వరం పలకాలో రాసిపెట్టే మనిషిని తేలేడు. ఆ మనిషికి పరిశ్రమలో స్థిరమైన పేరే లేదు. సహాయకుడన్నారు, కండక్టరన్నారు, ఆర్కెస్ట్రా నిర్వాహకుడన్నారు, తర్వాత అరేంజరన్నారు, ఇప్పుడు ప్రోగ్రామరంటున్నారు.

పని మాత్రం స్పష్టంగా ఉండేది. సంగీత దర్శకుడు హార్మోనియం మీద పల్లవి, చరణాలు కడతాడు. పాట మొదలయ్యే ముందు వినిపించే సంగీతం, చరణాల మధ్య వచ్చే బిట్లు, గాయకుడు ఊపిరి తీసుకునే చోట వయొలిన్లు అందుకునే చిన్న పలుకు, తబలా ఎక్కడ ఆగి ఢోలక్ ఎక్కడ ఎత్తుకోవాలి అన్న లెక్క, ఇవన్నీ ఇంకా మిగిలే ఉంటాయి. వాటిలో కొన్ని సంగీత దర్శకుడే చెబుతాడు, కొన్ని సహాయకుడు ఊహిస్తాడు. రెండోవాడి వాటా ఎంత అన్నది ఒక్కో జంటలో ఒక్కో రకం. కర్ణాటక పద్ధతి వాద్యకారులకు సరిగమలు, పాశ్చాత్య పద్ధతి వారికి స్టాఫ్ నొటేషన్ రాసివ్వాలి. రీరికార్డింగ్‌కు రీలు తెరమీద నడుస్తుంటే, ఏ క్షణంలో తలుపు తెరుచుకుంటుందో, ఏ క్షణంలో నాయిక తిరిగి చూస్తుందో గడియారంతో కొలిచి సంగీతాన్ని దానికి సరిపెట్టాలి.

మన దగ్గర ఈ పంపకానికి అతి చక్కని దాఖలా ‘మాయాబజార్’. 1957 నాటి ఈ సినిమాకు మొదట కుదిరిన సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఘంటసాల ఆ నాలుగింటినీ పక్కన పడేయలేదు. వాటికి వాద్య సంగీతం కూర్చి, రికార్డు చేయించి, మిగతా పాటలు, నేపథ్య సంగీతం తాను సమకూర్చారు. ఎన్.సి.సేన్‌గుప్తా, ఎ.కృష్ణమూర్తి ఆర్కెస్ట్రా వైపు తోడున్నారు. ఒక మహానుభావుడి బాణీకి ఇంకో మహానుభావుడు అరేంజర్‌గా పనిచేసిన సందర్భం ఇది. ‘లాహిరి లాహిరి’ ఆ నాలుగింటిలో ఒకటి. వెన్నెల్లో పడవ సాగుతున్న అనుభూతిలో రాగానికి ఎంత వాటా, దాని చుట్టూ అల్లిన వాద్యాలకు ఎంత వాటా అని ఎవరైనా విడదీసి చెప్పగలరా? నాకు సాధ్యం కాలేదు.

ఘంటసాలకు తన పాటలకూ ఇలాంటి చేయి ఉండేది. విజయనగరంలో ఆయనకు సంగీతం నేర్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. ఆ గురువు కొడుకు సంగీతరావు మద్రాసు వచ్చి, ఘంటసాలకు సహాయకుడై, హార్మోనియం పట్టి, 1974లో ఘంటసాల కన్నుమూసే దాకా ఆయన పక్కనే ఉన్నారు. ఆ తర్వాత వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. నూరేళ్లు నిండాక 2021లో వెళ్లిపోయారు. పామర్తి, జె.వి.రాఘవులు కూడా ఘంటసాల దగ్గర సహాయకులే. రాఘవులు తర్వాత సొంతంగా సంగీత దర్శకుడయ్యారు. సంగీతరావు మాత్రం సినిమాల్లో సహాయకుడిగానే ఉండిపోయారు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, మళ్లీ దీనిదగ్గరికి వద్దాం.

ఇంకో జంట కె.వి.మహదేవన్, పుహళేంది. ‘మామ’ మహదేవన్ నాగర్‌కోయిల్ వైపు మనిషి, పుహళేందిది కేరళ. ఇద్దరికీ తెలుగు మాతృభాష కాదు. అయినా ‘మూగమనసులు’ నుంచి ‘శంకరాభరణం’ దాకా మన చెవిలో నిలిచిన పాటలు వీళ్లవి. మహదేవన్ పద్ధతి సాహిత్యం ముందు, బాణీ తర్వాత. కాగితం మీది పాట చేతికి రాగానే ఆయన నోట రాగం పలికేది. దాన్ని స్వరాల్లోకి ఎక్కించడం, వాద్యబృందానికి పంచడం, గాయకులకు నేర్పించడం పుహళేంది చూసుకునేవారు. ‘శంకరాభరణం’కు జాతీయ పురస్కారం వచ్చింది, మహదేవన్ పేరున. అందులో తప్పేమీ లేదు, బాణీలు ఆయనవే. కానీ ఆ సినిమాలో కచేరీని సినిమా పాటగా, సినిమా పాటను కచేరీగా వినిపించిన ఆ తూకం ఒక్క తలలోంచి పుట్టిందని నేను నమ్మను.

హిందీలో ఈ పని ఇంకా బహిరంగంగా జరిగేది. చర్చి బడుల్లో స్టాఫ్ నొటేషన్ నేర్చిన గోవా వాద్యకారులు బొంబాయి స్టూడియోలకు అరేంజర్లయ్యారు. శంకర్-జైకిషన్ పాటల్లో వయొలిన్ల హోరు వెనక ఉన్నది సెబాస్టియన్ డిసౌజా. ఆ శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. తెలుగు మాటలు ఆయన నోట ఆడేవి, ‘శ్రీ 420’లో ‘రామయ్యా వస్తావయ్యా’ అలాగే దొర్లిందంటారు. ఆంథోనీ గోన్సాల్వెస్ అనే అరేంజర్ దగ్గర వయొలిన్ నేర్చుకున్న సంగీత దర్శకుడు ప్యారేలాల్, గురువు పేరును 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ పాటలోకి ఎక్కించాడు. పాట దేశమంతా పాడింది, ఆ పేరు నిజంగా ఒక మనిషిదని తెలిసినవారు కొద్దిమందే.

హాలీవుడ్ కథా వేరు కాదు. ‘మోడరన్ టైమ్స్’కు చాప్లిన్ ఈల వేసి, కూనిరాగం తీసి చెప్పిన బాణీలను డేవిడ్ రాక్సిన్ అనే కుర్రాడు ఎడ్వర్డ్ పావెల్‌తో కలిసి ఆర్కెస్ట్రాకు ఎక్కించాడు. జాన్ విలియమ్స్ ‘స్టార్ వార్స్’కు ఏ వాద్యం ఏం వాయించాలో కూడా గుర్తులు పెట్టి రాసిస్తే, హెర్బర్ట్ స్పెన్సర్ దాన్ని పూర్తి స్కోరుగా పరిచాడు. తేడా ఒక్కటే. అక్కడ ఆర్కెస్ట్రేటర్ యూనియన్ సభ్యుడు, పేజీకి ఇంత అని రేటుంది, తెరమీద పేరుంటుంది. మద్రాసులోనూ ఎం.బి.శ్రీనివాసన్ చొరవతో సినీ మ్యుజీషియన్స్ యూనియన్ పుట్టి వాద్యకారుల కూలీకి ఒక లెక్క తెచ్చింది. అరేంజర్ ఊహకు మాత్రం లెక్క కుదరలేదు.

ఇళయరాజా ఈ పంపకాన్నే రద్దు చేశారు. ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చి, జి.కె.వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చిన ఆయన 1976 నుంచి సొంతంగా సినిమాలు చేస్తూ, ప్రతి వాద్యానికీ తానే కాగితం మీద రాసిచ్చారు. ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’ రెండింటికీ జాతీయ పురస్కారాలు అందుకున్నారు. అక్కడ ఒక పేరు వేస్తే న్యాయమే. చిక్కేమిటంటే, ఆయన తర్వాత ప్రేక్షకుడు అందరినీ ఇళయరాజా లెక్కనే ఊహించుకోవడం మొదలుపెట్టాడు.

అదే కాలంలో తెలుగుకు అసలు వర్క్‌షాపు సంగీత దర్శకుడు చక్రవర్తి బృందం. ఒకేసారి ఎన్నో సినిమాలు చేసేవారు కాబట్టి సహాయకులు లేనిదే గడవదు. సాలూరి వారి అబ్బాయి కోటి, టి.వి.రాజు గారి అబ్బాయి రాజ్ ఇద్దరూ అక్కడ పనిచేసి, 1983లో ‘ప్రళయగర్జన’తో రాజ్-కోటి అయ్యారు. కీరవాణి కూడా చక్రవర్తి దగ్గర సహాయకుడే. రాజ్-కోటి బృందంలో కీబోర్డు వాయించిన కుర్రాళ్లలో ఒకరు ఎ.ఆర్.రెహమాన్. ఆయన తండ్రి ఆర్.కె.శేఖర్ మలయాళంలో ఎందరికో అరేంజర్, కండక్టర్. మణిశర్మ కీబోర్డు మీద పేరు తెచ్చుకుని, 1992లో ‘రాత్రి’ నేపథ్య సంగీతంతో బయటికొచ్చారు. ఆయన దగ్గర పనిచేసినవారిలో హారిస్ జయరాజ్, తమన్ ఉన్నారు.

ఈ వంశవృక్షం చూసి మురిసిపోవచ్చు. కానీ దీనిలో ఒక లోపం దాగుంది. తెలుగులో అరేంజర్ పని ఎప్పుడూ మెట్టే అయింది, వృత్తి కాలేదు. ఎక్కి పోయినవాడి పేరు పోస్టరు మీదికి వచ్చింది. అదే మెట్టు మీద జీవితమంతా గడిపిన సంగీతరావులు, పుహళేందులు రసికుల జ్ఞాపకాల్లో తప్ప మిగల్లేదు. పైకి పోలేకపోయాడు పాపం అన్నట్టు వాళ్లను తలుచుకోవడం నాకు ఏనాడూ నచ్చలేదు. అది వాళ్లు ఎంచుకున్న పని, దానిలో వాళ్లు పెద్దవాళ్లు.

హైదరాబాద్‌కు సంగీతం రావడానికి చివరికి దారి తీసింది యంత్రం. 1983లో వాద్యయంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే మిడి ప్రమాణం, యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చాయి. పదేళ్లలో కంప్యూటరు తోడైంది. ముప్పై వయొలిన్లు కీబోర్డులోకి దిగాయి. అరేంజర్ కాగితం వదిలి తెర ముందు కూర్చున్నాడు. ఇక మద్రాసు వడపళనిలోని పెద్ద హాలు అక్కర్లేదు, ఏసీ ఉన్న చిన్న గది చాలు. పంజాగుట్ట నుంచి శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ మీదుగా కృష్ణానగర్ దాకా అలాంటి గదులు అపార్టుమెంట్లలో వెలిశాయి. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్పే బోర్డులు వేలాడిన రోజులవి. ఒకే కంప్యూటరు ఒక వీధిలో కుర్రాళ్లను అమెరికా పంపితే, పక్క వీధిలో తెలుగు పాటను మద్రాసు నుంచి రప్పించింది.

ఇప్పుడు పని ఇంకా ముక్కలైంది. సంగీత దర్శకుడు ఫోన్‌లో హమ్ చేసి పంపుతాడు. ఒక ప్రోగ్రామర్ రిథమ్ కడతాడు, ఇంకొకరు స్ట్రింగ్స్ చూస్తారు. నిజం వయొలిన్లే కావాలంటే చెన్నై బృందానికో, ఐరోపాలో గంటల లెక్కన దొరికే ఆర్కెస్ట్రాకో పంపాలి. అప్పుడు కంప్యూటరులో ఉన్నదాన్ని మళ్లీ కాగితం మీదికి ఎక్కించే మనిషి కావాల్సి వస్తాడు. వదిలించుకున్నామనుకున్న పాత అరేంజర్ అలా వెనక్కి వచ్చాడు. పాటలు ఒకరివి, నేపథ్యం ఇంకొకరిది కావడమూ మామూలైంది. 2019లో ‘సాహో’కు జిబ్రాన్, ‘సైరా’కు జూలియస్ ప్యాకియం, 2022లో ‘రాధేశ్యామ్’కు తమన్ నేపథ్య సంగీతమే చేశారు. ‘పుష్ప 2’కు దేవిశ్రీ ప్రసాద్‌తో పాటు సామ్ సి.ఎస్. పనిచేసినప్పుడు జరిగిన రాద్ధాంతం చూసి నవ్వొచ్చింది. ‘మాయాబజార్’ నాడే జరిగిన పనికి ఇంత గొడవా!

జాతీయ పురస్కారాలు ఇప్పుడు పాటలకు, నేపథ్య సంగీతానికి వేర్వేరుగా ఇస్తున్నారు. 2021 సినిమాలకు ‘పుష్ప’ పాటలతో దేవిశ్రీ ప్రసాద్, ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్యంతో కీరవాణి అందుకున్నారు. అరేంజర్‌కు విభాగం లేదు. చట్టంలోనూ అంతే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సంగీతానికి కర్త స్వరకర్త. అరేంజ్‌మెంట్ అన్నది ఆ రచనకు అనుసరణ, అది చేసే హక్కు కూడా మూల రచన హక్కుదారుదే. 2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ భద్రపరిచింది, ఆ గదిలో వాళ్ల పక్కన కూర్చున్నవాడి ఊసెత్తలేదు.

మార్పు వస్తే మనుషుల వల్లే వచ్చింది. రెహమాన్ తన క్యాసెట్ల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయించారు. 2023 జనవరిలో ‘నాటు నాటు’కు గోల్డెన్ గ్లోబ్ అందుకున్న వేదిక మీద కీరవాణి, అరేంజ్‌మెంట్స్‌లో తోడ్పడినందుకు కాలభైరవకు కృతజ్ఞత చెప్పారు. కొడుకు కాబట్టి చెప్పారనుకునేవారు అనుకోనివ్వండి, ఆ మాట అంత పెద్ద వేదిక మీద వినిపించింది, అది చాలు.

నిర్మాతలకు దీనివల్ల పైసా ఖర్చు లేదు. సంగీతం అన్న కార్డు కింద అరేంజర్, ప్రోగ్రామర్, కండక్టర్ పేర్లు చదవగలిగేంత అక్షరాల్లో, చదవగలిగేంత సేపు వేయండి. పాత సినిమాలను రంగులద్ది, కొత్త శబ్దంతో మళ్లీ విడుదల చేసేవారు కూడా ఆ కార్డు చేర్చవచ్చు. మద్రాసు రోజుల్లో వయొలినో, తబలానో, హార్మోనియమో వాయించిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఏ పాటకు స్వరాలు ఎవరు రాసిచ్చారో అడిగి రాసిపెట్టండి. సినిమా, ఏడాది, స్టూడియో పేరు కూడా పక్కనే ఉండాలి.