పాత కారుకు రబ్బరు తొడుగులే రక్ష
వందల రూపాయల బూటును పట్టించుకోకుంటే వేల రూపాయల జాయింటుకు ముప్పు. నల్లరేగడి దారుల్లో మరింత జాగ్రత్త అవసరం

కోసిగి: కారు పాతబడిన కొద్దీ యజమానులు ఇంజినుపై చూపే శ్రద్ధ అడుగు భాగంపై చూపరు. చక్రాలను పట్టి ఉంచే కీళ్లను, కుదుపులను మింగే షాక్ అబ్జార్బర్లను దుమ్ము, నీరు చేరకుండా కాపాడేవి చిన్న చిన్న రబ్బరు తొడుగులే. అవి చిరిగిన నాటి నుంచే సస్పెన్షన్ క్షీణించడం మొదలవుతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు ప్రాంతాల్లో పాత కార్లు నడిపేవారు ఈ భాగాల గురించి తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

ఇక్కడే ఎందుకు ఎక్కువ నష్టం?

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు వారుతుంది. దానిపై వేసిన రోడ్డు కూడా ఎగుడుదిగుడుగా మారి గుంతలు పడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ రబ్బరును గట్టిపరచి పగుళ్లు తెస్తుంది. వానాకాలంలో వంకలు దాటేటప్పుడు బంకమట్టి చక్రాల లోపలి వైపు అంటుకొని, ఎండి గట్టిపడి తొడుగుల మడతలను ఒరుసుకుంటుంది. కారు ఎక్కువ దూరం తిరగకపోయినా కాలం గడిచే కొద్దీ రబ్బరు పెళుసుబారుతుంది కనుక, కిలోమీటర్లు తక్కువే గదా అని నిర్లక్ష్యం చేయరాదు.

కాపాడే భాగాలు ఏవి?

డస్ట్ కవరు: షాక్ అబ్జార్బరులో పైకీ కిందికీ ఆడే నున్నని ఉక్కు కడ్డీని కప్పి ఉంచే ముడతల గొట్టం ఇది. ఇది చిరిగితే ఇసుక రేణువులు కడ్డీకి అంటుకొని గీతలు పెడతాయి. ఆ గీతలు ఆయిల్ సీలును కోస్తాయి. ఆయిలు కారిపోయిన షాక్ అబ్జార్బరు కుదుపును అణచలేదు.

బంప్ స్టాప్: అదే కడ్డీపై ఉండే రబ్బరు లేదా ఫోము దిమ్మె. చక్రం పెద్ద గుంతలో పడినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా అడ్డుపడుతుంది. పాత కార్లలో ఇది పొడిపొడిగా రాలిపోయి ఉండటం సాధారణం.

బాల్ జాయింట్, టై రాడ్ బూట్లు: చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపేది బాల్ జాయింట్, స్టీరింగుకు కలిపేది టై రాడ్. వీటిపై ఉండే చిన్న గిన్నె వంటి బూటు గ్రీజును లోపల నిలిపి, నీటిని బయట ఉంచుతుంది.

స్టీరింగ్ ర్యాక్ బెల్లో: ర్యాక్ ఇరువైపులా ఉండే పొడవాటి ముడతల తొడుగు.

సీవీ జాయింట్ బూటు: మారుతి 800, ఇండికా వంటి ముందు చక్రాలతో నడిచే కార్లలో యాక్సిల్ చివర ఉంటుంది. ఇది నిజానికి సస్పెన్షన్ భాగం కాకపోయినా దాని పక్కనే ఉండి, అవే దెబ్బలు తింటుంది.

బుష్‌లు: ఆర్మ్‌లు, కమాను కట్టలు బిగించిన చోట ఉండే రబ్బరు ఉంగరాలు. అంబాసిడర్, ఓమ్ని వంటి వాటిలో వెనుక కమాను కట్టలే ఉన్నందున వాటి కొక్కేల వద్ద బుష్‌లను తప్పక చూడాలి.

మారుతి 800, అంబాసిడర్ కార్ల తయారీ 2014లోను, ఇండికా తయారీ 2018లోను, ఓమ్ని తయారీ 2019లోను నిలిచిపోయాయి. కనుక వీటి యజమానులు ఉన్న భాగాలను కాపాడుకోవడమే మేలు.

ఇంటి వద్దే తనిఖీ

నెలకొకసారి, వానల తర్వాత మరోసారి, చదునైన నేలపై కారును నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి ఇంజిను ఆపాలి. స్టీరింగును పూర్తిగా ఒక వైపు తిప్పి, టార్చి వెలుగులో చక్రం వెనుక పరిశీలించాలి.

* తొడుగుల మడతలను వేలితో విప్పి చూస్తే పగుళ్లు బయటపడతాయి. పైపై గీతలుంటే గమనిస్తూ ఉండాలి; లోపలి వరకు చీలి ఉంటే వెంటనే మార్చాలి.
* చక్రం లోపలి అంచుపై నల్లని గ్రీజు చిమ్మి ఉంటే సీవీ బూటు చిరిగినట్లే. మలుపు తిరిగేటప్పుడు టకటకమని శబ్దం వస్తుంటే జాయింటే అరిగిపోయిందని అర్థం. అప్పుడు బూటు మార్చినా ప్రయోజనం ఉండదు.
* షాక్ అబ్జార్బరు తడిగా, దుమ్ము అంటుకొని ఉంటే ఆయిలు కారుతున్నట్లు. కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలవాలి. మళ్లీ మళ్లీ ఊగుతుంటే అది పనికిరాదు.
* గుంతలో పడినప్పుడు దబ్బుమని శబ్దం, స్టీరింగులో వదులు, టైరు ఒక అంచునే అరగడం వంటివి కనిపిస్తే మెకానిక్‌కు చూపాలి.

వీటన్నిటిలో బాల్ జాయింటు అతి ముఖ్యమైనది. అది పూర్తిగా అరిగి ఊడిపోతే చక్రం పక్కకు వాలి, స్టీరింగు అదుపు తప్పుతుంది. వేగంలో ఉన్నప్పుడు ఇలా జరిగితే ప్రాణాపాయమే.

డీజిల్ చల్లడం మానాలి

కారు కడిగిన తర్వాత తుప్పు పట్టకుండా అడుగున డీజిలు లేదా వాడిన ఇంజినాయిలు చల్లే అలవాటు చాలా చోట్ల ఉంది. ఇనుముకు అది మేలు చేసినట్లు కనిపించినా, నూనెలు తగిలిన బుష్‌ల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రబ్బరు భాగాలను మంచినీటితో, అవసరమైతే కొద్దిపాటి సబ్బుతో కడిగితే చాలు. కిర్రుమనే బుష్‌కు పూయవలసి వస్తే సిలికాన్ గ్రీజు వాడాలి. ఎండిన మట్టిని ఇనుప ముక్కతో గీకకుండా నీటితో నానబెట్టి తీయాలి.

మార్చేటప్పుడు పాటించవలసినవి

కారు కిందికి దూరే పని ఉంటే జాకీని మాత్రమే నమ్మరాదు. గట్టి స్టాండ్లపై నిలిపి, నేలపై ఉన్న చక్రాలకు రాళ్లు పెట్టాలి.

ముందు స్ట్రట్‌పై డస్ట్ కవరు, బంప్ స్టాప్ మార్చాలంటే స్ప్రింగును విప్పవలసి ఉంటుంది. బిగుసుకొని ఉన్న స్ప్రింగులో అపారమైన బలం దాగి ఉంటుంది. కంప్రెసర్‌తో దానిని నొక్కి పట్టకుండా పైనున్న నట్టును విప్పితే స్ప్రింగు ఎగిరి తీవ్రంగా గాయపరుస్తుంది. ఈ పనిని తగిన పనిముట్లున్న మెకానిక్‌కే అప్పగించాలి.

సీవీ బూటు మార్చేటప్పుడు పాత గ్రీజును పూర్తిగా తుడిచి, ఆ జాయింటుకు చెప్పిన మాలిబ్డినం గ్రీజును నిర్ణీత పరిమాణంలో నింపి, కొత్త క్లిప్పులు బిగించాలి. పాత గ్రీజులో ఇసుక మిగిలితే కొత్త బూటు వేసినా జాయింటు దక్కదు. యాక్సిల్ విప్పకుండా అతికించే చీలిక బూట్లు అత్యవసరానికే తప్ప ఎక్కువ కాలం మన్నవు.

ఆర్మ్ బుష్‌ల బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. కారు తన బరువుతో నేలపై నిలిచిన తర్వాతే చివరి బిగింపు ఇవ్వాలి. లేకుంటే కొత్త రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. షాక్ అబ్జార్బర్లను ఎడమ, కుడి జతగానే మార్చాలి. విప్పిన కాటరు పిన్నులు, లాక్ నట్ల స్థానంలో కొత్తవే వేయాలి. స్ట్రట్, టై రాడ్, బాల్ జాయింట్ పని జరిగిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

విడిభాగాలు కొనేటప్పుడు బిల్లు తీసుకోవడం, కారు మోడలును, సంవత్సరాన్ని సరిచూసుకోవడం అవసరం. ఒకే పేరు గల కారులోనూ ఏళ్లను బట్టి కొలతలు మారతాయి. పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి పోల్చి చూడటం ఉత్తమం.

రిజిస్ట్రేషను గడువూ గుర్తుంచుకోవాలి

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆ తర్వాత రవాణా శాఖ తనిఖీలో వాహనం తగినదని తేలితేనే 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. వదులైన స్టీరింగు కీళ్లు, ఆయిలు కారే షాక్ అబ్జార్బర్లతో తనిఖీకి వెళ్లడం కంటే, ముందుగానే తొడుగులు చూసుకొని మార్చుకోవడం ఖర్చు తగ్గిస్తుంది. ఏటా వేసవి ముగిసి, జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యే లోపు ఒకసారి పూర్తి తనిఖీ చేయించుకుంటే ఆ వానాకాలం నిశ్చింతగా గడుస్తుంది.