చర్మపు కాగితములు

పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, త్రోయలో విడిచి వచ్చిన పుస్తకములను, ముఖ్యంగా చర్మపు కాగితములను తనకు తెచ్చి ఇమ్మని కోరినట్లు చదువుతాము. ఆ మాట దగ్గర మనలో ఆగి ఆలోచించేవారు తక్కువ. మన పూర్వులు తాటాకు మీద గంటంతో వ్రాసినవారు గనుక చర్మపు కాగితం ఎట్లా తయారవుతుందో మనకు తట్టదు. ఆ పని పన్నెండు వందల ఏండ్ల క్రిందట జరిగిన స్థలం ఒకటి స్కాట్లండు ఉత్తర ప్రాంతంలో, పోర్ట్‌మహోమాక్ అనే చిన్న రేవు గ్రామంలో బయటపడింది. ఊరివారు తమ పాత గుడిలోనే దానిని గురించి ఒక ప్రదర్శన ఏర్పరచుకున్నారు. ఆ సంగతి మన సంఘస్థులకు తెలియదగినది.

ఆ ప్రాంతపు పూర్వవాసులను పిక్టులు అంటారు. రాళ్ల మీద శిల్పం చెక్కడంలో వారు ఆరితేరినవారు. అయితే తమ చరిత్రను వ్రాసి ఉంచినది బహు స్వల్పం. 563లో ఐర్లండు నుండి కొలంబా భక్తుడు అయోనా ద్వీపానికి వచ్చి మఠం స్థాపించాడని, పిక్టుల రాజైన బ్రిడే వద్దకు వెళ్లాడని అతని జీవిత చరిత్ర వ్రాసిన అదమ్నాన్ చెప్పాడు. పోర్ట్‌మహోమాక్‌లో మఠం ఉన్నదని మాత్రం ఏ పాత గ్రంథమూ చెప్పలేదు.

ఊరి పాత గుడి సెయింట్ కోల్మన్ పేరిట ఉన్నది. ఆరాధనలు ఆగిపోయి అది పాడుపడుతూ వచ్చింది. అటువంటి గుడి గతి మనకు తెలియనిది కాదు. ముందు కిటికీలు పోతాయి, తరువాత పైకప్పు, ఆ వెనుక రాళ్లు ఎవరి ఇంటి గోడలోకో చేరతాయి. ఇక్కడ అట్లా జరుగలేదు. 1980 ప్రాంతంలో టార్బట్ హిస్టారిక్ ట్రస్టు ఆ గుడిని తన చేతిలోకి తీసుకున్నది. 1984లో విమానం నుండి తీసిన ఛాయాచిత్రంలో గుడి చుట్టుప్రక్కల పొలాల క్రింద వంపు తిరిగిన పెద్ద కందకం ఆనవాలు కనబడింది. అటువంటి కందకమే అయోనా మఠం చుట్టూ ఉన్నది. దానితో అనుమానం బలపడింది. 1994 నుండి 2007 వరకు యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ కార్వర్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. గుడిలోని ప్రదర్శన 1999లోనే తెరవబడింది. అంటే లోపల చూచినవారు బయటికి వచ్చి, తవ్వుతున్న నేలను కూడా కళ్లారా చూడగలిగారన్న మాట.

బంగారు పాత్రలో, సిలువలో దొరికి ఉంటాయని మనం అనుకుంటాము. నన్ను ఎక్కువ ఆకర్షించినవి తెల్లని గులకరాళ్లు, ఎముక మేకులు, ఒక అర్ధచంద్రాకారపు కత్తి. దూడ తోలు అంచులో గులకరాయి పెట్టి ముడివేసి, ఆ ముడికి త్రాడు కట్టి చట్రానికి బిగించేవారు. తోలు ఎండి ముడుచుకుపోకుండా మేకులు త్రిప్పుతూ త్రాళ్లు లాగేవారు. బిగువుగా నిలిచిన తోలును మన రంపెను తలపించే ఆ కత్తితో గీకి పలుచన చేసేవారు. అంతకు ముందు వెంట్రుక ఊడాలి గదా? దానికి సున్నం కావాలి. ఆ చుట్టుప్రక్కల సున్నపురాయి లేదు. సముద్రపు నాచునూ, దానికి అంటుకొని ఉండే చిన్న గవ్వలనూ కాల్చి ఆ బూడిదతో పని జరుపుకున్నారని పరిశోధకులు తేల్చారు.

ఇది చదివినప్పుడు నాకు మన పల్లెల్లోని లంద గుర్తుకు వచ్చింది. మనలో అనేకుల తాత ముత్తాతలు తోలును సున్నపు నీళ్లలో నానవేసి, వెంట్రుక తీసి, తంగేడు చెక్కతో ఊనినవారే. ఆ వాసన పేరు చెప్పి వారిని ఊరికి దూరంగా ఉంచారు. చర్మపు కాగితానికి తంగేడు చెక్క అక్కరలేదు, దానిని ఊనరు, చట్రం మీదనే ఆరబెడతారు. తక్కిన పని ఇంచుమించు ఒక్కటే. అక్కడ ఆ పని మఠం ఆవరణలోనే జరిగింది. ఒక్క సువార్తల గ్రంథానికి ఎన్ని తోళ్లు కావాలో తెలియాలంటే లిండిస్ఫార్న్ సువార్తలను చూడవచ్చు. దానికి నూటికి పైగా దూడల చర్మాలు పట్టాయి. పోర్ట్‌మహోమాక్‌లో దొరికిన శిల్పాలలో ఆవు, ఎద్దు, వాటి దూడ ఉన్న రాతి పలక ఒకటి ఉన్నది. చెక్కినవాడు పశువులను ఎరిగినవాడు, ప్రేమించినవాడు కూడా అని నా ఊహ.

సుమారు 800 ప్రాంతంలో ఆ పనివాడలు అగ్నికి ఆహుతి అయ్యాయి. కాలిన పొర మీద పగులగొట్టిన శిలువ రాళ్ల ముక్కలు పడి ఉన్నాయి. మఠకాలపు సమాధులలో దాదాపు అందరూ పురుషులే. కొందరి పుర్రెల మీద కత్తి వ్రేట్లు ఉన్నాయి. లిండిస్ఫార్న్ మీద 793లోనూ, అయోనా మీద 795లోనూ సముద్రపు దొంగలైన వైకింగులు పడినట్లు చరిత్రలో వ్రాసి ఉన్నది. ఈ మఠం మీద పడిన సంగతిని వ్రాసినవారు లేరు. ఆ తరువాత అక్కడ లోహపు పని మళ్లీ సాగింది గాని, చర్మపు కాగితం పని మళ్లీ మొదలు కాలేదు.

పొరుగున హిల్టన్ ఆఫ్ కాడ్‌బోల్ అనే ఊరి శిల్పం కథ మరొకటి. ఆ పెద్ద రాతిని 1921లో లండనులోని బ్రిటిష్ మ్యూజియానికి పంపితే స్కాట్లండు ప్రజలు గోల చేశారు. అది తిరిగి ఎడింబరో వరకు వచ్చింది, ఊరికి మాత్రం రాలేదు. దాని అడుగు భాగం 2001లో ఊరి నేలలోనే దొరికింది.

పోర్ట్‌మహోమాక్‌లో వ్రాసినదే అని నిశ్చయంగా చూపగల పుస్తకం నేడు ఒక్కటి కూడా లేదు. తవ్వకాలకు ముందే దొరికిన ఒక రాతి ముక్క మాత్రం ఉన్నది. దాని మీద లాటిను అక్షరాలు ఆనాటి సువార్త గ్రంథాలలోని అక్షరాల తీరులోనే ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. యేసుక్రీస్తు నామమున ఒక మనుష్యుని జ్ఞాపకార్థం నిలిపిన సిలువ అని దాని భావం. రాయి విరిగిపోయినందున ఆ మనుష్యుని పేరు పూర్తిగా నిలువలేదు.