మూలప్రతి లేని బండి

తెలుగు పండితుడికి ఇనుపబండి గొడవ ఎందుకని మిత్రులు నవ్వుకోవచ్చు. మూడు దశాబ్దాలకు పైగా బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నేను, రెండేళ్ళుగా, కీర్తిశేషుడైన మా అన్నయ్య వదిలి వెళ్ళిన ఎఫ్.సి.-150 పికప్పును ఆయన కుమారుడితో కలిసి బాగుచేస్తున్నాను. ‘చేస్తున్నాను’ అనడం అతిశయోక్తి. చేసేది వాడు, స్పానర్లు అందించేది నేను. పని నడుస్తుండగా మా ఇద్దరికీ ఒక వివాదం వచ్చింది. అది చెప్పాలంటే ముందు బండి వంశచరిత్ర చెప్పుకోవాలి.

1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే తేలికబండి కావాలని అడిగినప్పుడు, అందరికంటే ముందు నమూనా చేసి ఇచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. ఆ తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. బాంటమ్ వారి మౌలిక రూపం, విల్లీస్ వారి ఇంజను, ఫోర్డు వారి ముందుభాగపు రేకు జాలీ కలిసి యుద్ధకాలపు జీపు తయారైంది. మన భారతంలాగే జీపునకూ ఏకకర్త లేడు, కవిత్రయమే!

1953లో విల్లీస్ కంపెనీని కైజర్ వారు కొన్నారు. 1956 చివరలో వారు విడుదల చేసినదే ‘ఫార్వర్డ్ కంట్రోల్’, అనగా ఎఫ్.సి.-150. దీనికి రూపం దిద్దినవాడు బ్రూక్స్ స్టీవెన్స్ అనే శిల్పి. ఆయన ఉపాయం చిన్నదే: ముందూ వెనుకా ఇరుసుల మధ్య అదే 81 అంగుళాల దూరం ఉంచి, డ్రైవరు గదిని ముందుకు జరిపి ఇంజను మీదికి ఎక్కించాడు. దానితో వెనుక ఆరడుగులకు పైగా సరుకు తొట్టె మిగిలింది. బరువంతా ముందుకు చేరడం మాత్రం దోషమే అయింది. 1958లో చక్రాల మధ్య వెడల్పును సుమారు తొమ్మిది అంగుళాలు పెంచి స్థిరత్వం తెచ్చారు. ఆ విధంగా ఎఫ్.సి. తానే ఒక జీపుకు మార్పు. ఆ మార్పునకు మళ్ళీ ఒక సవరణ.

ఇక మన దేశపు కథ. 1945లో స్థాపించిన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశవిభజన తరువాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తానుకు తొలి ఆర్థికమంత్రి అయ్యాడు, ఆపైన గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ద్వంద్వ సమాసం కాస్తా ఆమ్రేడితంగా మారిందన్నమాట! విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడంతో మొదలైన ఆ సంస్థ, అమెరికాలో ఎఫ్.సి. ఉత్పత్తి ముగిసిన 1965 ప్రాంతంలోనే ఇక్కడ దానిని ప్రారంభించింది. పోలీసు వ్యానుగా, అంబులెన్సుగా, సరుకుబండిగా అది మన రోడ్ల మీద చాలాకాలం తిరిగింది.

మా బండి 1969 నాటిది. 1976లో అన్నయ్య దానిని వేలంలో కొని, అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం దిమ్మలు తోలాడు. అప్పట్లో దానికున్నది హరికేన్ పెట్రోలు ఇంజను, 2.2 లీటర్లది, నాలుగు సిలిండర్లది. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులోను, పొగ వెలుపలికి పోయే వాల్వులు పక్కన బ్లాకులోను ఉండడం దాని విశేషం. ఇంజను సీట్ల నడుమ రేకు మూత కింద ఉంటుంది. కనుక డ్రైవరుకు ఎడమకాలు కాలుతుంది, పక్కన కూర్చున్నవాడికి కుడికాలు. నేను పండిత శిక్షణకు బయలుదేరిన నాడు బెల్లం లోడు పక్కన కుడికాలు కాల్చుకుంటూనే వెళ్ళాను. శిక్షణకు ఫీజు కట్టింది కూడా ఆ బండి సంపాదనే.

1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినది మొదలు పెట్రోలు బండ్ల వారికి కష్టకాలం వచ్చింది. డీజిల్ చవక. ఆ దశాబ్దంలో కంపెనీ వారే జీపులకు డీజిల్ ఇంజన్లు పెట్టసాగారు. 80లలో 2112 సి.సి. ప్యూజో ఇంజను వచ్చింది. 1987లో అన్నయ్య హరికేను దింపి ప్యూజో ఎక్కించాడు. గేరుబాక్సుకు కలవకపోతే లేత్ మీద అడాప్టర్ ప్లేటు చేయించాడు. రేకు మూత కోసి, పెద్దది చేసి వెల్డింగు పెట్టాడు. బెల్లం చెమ్మకు తుప్పుపట్టిన తొట్టె అడుగున తుమ్మ చెక్కలు పరిచాడు. ఇంజను మార్పును అధికారులకు చూపించి రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కించాడు.

వివాదం ఇక్కడే. బండిని తొలిరూపానికి తేవాలని నా పట్టుదల. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిపోల్చించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించిన పద్ధతి నా బుర్రలో ఉంది. విజయవాడ ఆటోనగరులో ఒక హరికేన్ ఇంజను ఉందని తెలిసి అడ్వాన్సు కూడా పంపాను. “ఒరే, ప్యూజో, ఆ చెక్కలూ అన్నీ ప్రక్షిప్తాలురా. తీసెయ్” అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు: “ఆ మూత కోసిన రాత్రి లైటు పట్టుకున్నది నేనే బాబాయ్. నాకు పదేళ్ళు. ఇంజను మార్చమంటే మారుస్తాను. కానీ నాన్న పెట్టిన వెల్డింగు మీద నా చేత గ్యాస్ కటింగు పెట్టించకండి.”

నా దగ్గర జవాబు లేకపోయింది. నేను వెతికిన మూలం నన్ను చదువుకు పంపిన పెట్రోలు బండి. వాడి మూలం వాళ్ళ నాన్నతో కలిసి నిలబెట్టిన డీజిల్ బండి. చట్టానికి మూలమంటే తయారీదారు ఇచ్చిన రూపమే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశానికి భిన్నంగా మార్చిన బండ్లను రిజిస్టరు చేయరాదని స్పష్టం చేసింది. యాభై ఏళ్ళు దాటిన బండ్లను ‘వింటేజి’గా గుర్తించే 2021 నిబంధనలు కూడా సొంత వాడకపు బండ్లకు, అవీ పెద్ద మార్పులు చేయనివాటికి మాత్రమే. మా సరుకుబండికి ఆ గౌరవం దక్కదు. భద్రత దృష్ట్యా చట్టం మాట కాదనను. కానీ కంపెనీ వారు ఇచ్చిన రూపం ఈ బండి చరిత్రలో తొలి పుట మాత్రమే. చమురు కరువు, బెల్లం చెమ్మ, మా ఇంటి అవసరాలు తరువాతి పుటల్లో ఉన్నాయి. అవి చింపితే మిగిలేది శుద్ధప్రతి కాదు, ఖాళీ కాగితం.

అడ్వాన్సు వదులుకున్నాను. ప్యూజో ఉంది, అన్నయ్య వెల్డింగూ ఉంది. పుచ్చిన తుమ్మ చెక్కల స్థానంలో మళ్ళీ తుమ్మ చెక్కలే వేశాము. మావాడు తన వంతు మార్పు ఒకటి చేశాడు: పాత బ్రేకు ఏర్పాటులో ఒక్కచోట నూనె కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది కనుక, ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ వేరువేరుగా పనిచేసే మాస్టర్ సిలిండరు బిగించాడు. నేను అభ్యంతర పెట్టలేదు. ఏ భాగం ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఒక నోటుపుస్తకంలో పాఠాంతరాల పట్టికలాగా రాసిపెట్టాను.

మొన్న ఊరి చివర దాకా తోలాడు. పక్కన కూర్చున్నాను. కుడికాలు కాలింది.