జడ విప్పేదాకా భామే

దగ్గరికి జరగండర్రా. పెద్దోడా, ఆ ఎండుమట్ట ఇటు వెయ్యి. చూశారా, ఎలా భగ్గుమందో! మంట ఇలా లేచినప్పుడల్లా నాకు గుగ్గిలం వాసనే గుర్తొస్తుంది.

కూచిపూడి భాగవతులు మా ఊరొస్తే రామాలయం ముందు పందిరి వేసేవాళ్లం. పాత్ర వచ్చే ముందు దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లేవారు. ఇద్దరు తెర పట్టుకుంటే, దాని మీదుగా ముందు జడ ఒక్కటే ఇవతలికి పడేది. అది సత్యభామ సవాలు. నన్ను ఓడించేవాళ్లుంటే వచ్చి ఈ జడ కోసుకోండి అని!

నాకప్పుడు పదేళ్లు. భామ వేషం కట్టే ఆయనకి నీళ్లందించడం నా పని. మధ్యాహ్నం పంచె ఎగ్గట్టి, చుట్ట కాలుస్తూ, మా నాన్నతో వడ్ల ధర మాట్లాడాడు. రాత్రి అర్దళం పూసుకుంటున్నప్పుడూ ఆ మనిషే. జడ బిగించాక మాత్రం మాటలు తగ్గిపోయాయి. "నీళ్లియ్యి నాన్నా" అన్న గొంతు మధ్యాహ్నం విన్నది కాదు. నాకు భయమేసింది.

భామాకలాపంలో ఒక ఘట్టముంది. నీ మొగుడి పేరేమిటని చెలికత్తె మాధవి భామని అడుగుతుంది. అంత గర్విష్ఠి, పేరు చెప్పలేక సిగ్గుతో మెలికలు తిరిగిపోతుంది. ఆ రాత్రి మా అమ్మ, పిన్ని, పందిట్లో ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ సిగ్గు ఎలా వచ్చిందని తెల్లారాక అడిగాను. కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటూ, "మా అమ్మ మా నాన్న పేరు ఎప్పుడూ పలకలేదురా" అన్నాడు. ఆ కాలంలో ఆడవాళ్లకి ఆ మేళాల్లో చోటు లేదు. వాళ్లు ఇంట్లో దాచుకున్న సిగ్గుని, పంతాన్ని, ఈ మగవాళ్లు చూసి, మనసులో పెట్టుకుని, అరువు తెచ్చుకున్నారు. ఆ తల్లుల పేరు ఏ కరపత్రంలోనూ వెయ్యలేదు. అది నాకిప్పటికీ బాధే.

నాటకాల్లో ఇలాగే భామ వేషం కట్టిన బాపట్ల స్థానం నరసింహారావు గారి సంగతి మా నాన్న చెప్పేవాడు. ముత్తరాజు సుబ్బారావు గారి 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో భామ వేసి వేసి, ఆవిడ కోసం ఆయనే ఒక పాట రాసి కలుపుకున్నారు. 1966లో సినిమా తీసినప్పుడు జమున భామకి సుశీల పాడింది ఆ పాటే. కవి ఇచ్చిన పాత్రకి ఇంకా ఏం కావాలో, ఏళ్ల తరబడి దాన్ని మోసినవాడికే తెలుస్తుంది. తర్వాత వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామనీ చూశాను. 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారని రేడియోలో విని మా వీధంతా సంబరపడ్డాం.

మా ఊరొచ్చిన ఆయన మాట చెబుతున్నాను కదూ. ఆ పొద్దున జడ విప్పి, కళ్లకద్దుకుని, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. కండువా భుజానేసుకుని కాలువకి స్నానానికి బయల్దేరాడు. నేను వెనకాలే వెళ్లాను. మొహాన రంగు లేదు, కాళ్లకి గజ్జెల్లేవు. గట్టు మీద బురద కనబడగానే, కట్టుకున్నది పంచే అయినా, రెండు వేళ్లతో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెల్లగా దాటాడు.