సి. కృష్ణవేణి

సి. కృష్ణవేణి (1924–2025) తెలుగు నటి, గాయని, చిత్ర నిర్మాత. పుట్టింది ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా పంగిడిలో. పెళ్లితో నూజివీడు సీమకు చేరారు. భర్త మేకా వెంకట్రామయ్య అప్పారావు మీర్జాపురం రాజా. మద్రాసులో వారి శోభనాచల స్టూడియోకూ, నూజివీడు దగ్గరి ఆగిరిపల్లి కొండకూ పేరు ఒకటే.

నాటకాల్లో పాడుతూ ఆడుతూ ఉన్న పిల్లను సి. పుల్లయ్య 'సతీ అనసూయ' (1936)తో తెరకెక్కించారు. ఎవరి పాట వారే పాడుకోవాల్సిన రోజులు కనుక గొంతే ఆస్తి. 'గొల్లభామ' (1947) మంచి పేరు తెచ్చింది. 'కీలుగుర్రం' (1949)లో మాత్రం ఆమె తెరమీద కనపడరు: పెదవులు కదిపేది అంజలీదేవి, వినపడేది కృష్ణవేణి. ఆ చిత్ర దర్శకుడు రాజావారే.

అదే ఏడు ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ఆమె నిర్మించిన 'మనదేశం' వచ్చింది. బెంగాలీ రచయిత శరత్ నవల 'విప్రదాస్' దానికి ఆధారం. అందులో పోలీసు అధికారిగా చిన్న వేషం వేసిన కొత్త కుర్రాడు ఎన్.టి. రామారావు. ఈ ఒక్క సంగతే ఆమె పేరును నిలబెట్టిందనుకోవడం అన్యాయం. నాయికా, నిర్మాతా ఆమే అయిన చిత్రమది. మరుసటి ఏడు 'లక్ష్మమ్మ'లో నటించారు. అదే కథతో 'శ్రీ లక్ష్మమ్మ కథ' పోటీకి దిగింది.

2004 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఆమెకు దక్కింది. నూరేళ్లు నిండాక, 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూశారు.