మిద్దె, మండువా, స్లాబు

బళ్లారి, పావగడ, బరంపురము, కోయంబత్తూరు, షోలాపురము, యానాము: ఎచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబమునందైనను నేడొక ప్రశ్న వినవచ్చుచున్నది. తాతలనాటి ఇంటిని నిలుపుకొందుమా, పడగొట్టి స్లాబు వేయుదుమా? వాటాదారులు నలుగురైనచో ఆ ప్రశ్న వ్యాజ్యముగ మారుటయు కలదు. ధనము, వాస్తు, మమకారము అను మూడు దిక్కులనుండి దీనికి సమాధానములు వచ్చుచున్నవి. కాని ఆ పాత ఇల్లు విద్యుత్తు లేని దినములలో వేసవిని ఎట్లు తట్టుకొనెనో, క్రొత్త ఇల్లు నాలుగు యంత్రములు పెట్టినను ఎందుకు కాగుచున్నదో విచారించువారు తక్కువ. ఆ విషయమునే మేమీ వ్యాసమున కొంత చరిత్రతో పరిశీలింపదలచితిమి.

పూర్వుల ఇండ్లన్నియు నొక్క తీరువి కావు. రాయలసీమయందును, దాని నంటియున్న బళ్లారి, పావగడ ప్రాంతములందును మట్టిమిద్దెలు కట్టిరి. గోడలు ఱాతితోను మట్టితోను దట్టముగ లేచెడివి. పైన దూలములు, వానిపై దంతెలు, వానిపై కఱ్ఱలు, బోదగడ్డి, అన్నిటిపైన చవుడు. ఎండవేడి ఆ మందమును దాటి లోపలికి చేరుటకు కొన్ని గంటలు పట్టును. అది లోనికి దిగునప్పటికి ప్రొద్దు గ్రుంకి, బయటిగాలి చల్లబడి, ఇంటివారు పక్కలతో మిద్దె యెక్కియుందురు. కిటికీలు చిన్నవి, వెలుతురుకు, పొగకు నడినెత్తిన గవాక్షి. పగలు నిప్పులు చెఱగి రాత్రి చల్లబడు పొడిసీమకు ఇది మిక్కిలి తగిన ఉపాయము.

గోదావరి లంకలందును, యానామునందును, గంజాము తీరమునందును ఈ ఉపాయ మొక్కటియే చాలదు. అక్కడ రాత్రియు నుక్కయే. గోడ యెంత మందమైనను రాత్రి చల్లబడనిచో మరునాటి కది పనికిరాదు. అక్కడ కావలసినది గాలి, నీడ. కావుననే గోదావరి ప్రాంతమున మండువా లోగిలి పుట్టినది. నాలుగువైపుల వాలు కప్పు, నడుమ ఆకాశము కనబడు మండువా, ముందు అరుగులు, వెనుక వసారా. వేడిగాలి నడుమనుండి పైకిపోవుచుండగా బయటిగాలి గదులలోనుండి వచ్చుచుండును. చూరు బాగుగ దిగియుండుటచే ఎండ గోడను తాకనే తాకదు.

చెన్నపట్టణమునందు మఱియొక పద్ధతి ప్రసిద్ధి కెక్కినది. దానినే ఇంజనీర్లు మద్రాసు టెర్రస్ అందురు. టేకు దూలములపై పలుచని చిన్న ఇటుకలను నిలువుగ, ఐమూలగ, సున్నముతో పేర్చి, దానిపై ఇటుకముక్కల కాంక్రీటు పఱచెడివారు. గానుగలో నూఱిన డంగుసున్నము, కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు. స్త్రీలు వరుసగ కూర్చుండి కొయ్యపలకలతో దినముల తరబడి కొట్టగా కొట్టగా ఆ కప్పు గట్టిపడెడిది. చివరకు పైని పలుచని పెంకులు పఱచెడివారు. ఇందులో ప్రతి పొరయు ఎండకొక అడ్డు.

ఈ కట్టడములతో మనవారికి గల సంబంధము నివాసముతోనే ముగియలేదు. బొంబాయి కామాటిపురమునకు ఆ పేరు తెలుగు దేశమునుండి వెళ్లిన కామాటీలను బట్టి వచ్చినదే. కట్టడపు కూలియే వారికి ప్రధాన జీవనము. కర్ణాటకమున బోవులని పిలువబడు వడ్డెరలలో ఇంట తెలుగు మాటలాడువారు అనేకులు. ఱాతిపని, మట్టిపని వారి కులవృత్తి. ఆ చల్లదనమునకు వెల యిచ్చినవారు వీరు. దినముల తరబడి సున్నము కొట్టిన చేతులకు దక్కిన కూలి స్వల్పము గనుకనే గృహస్థునకు చలువ చౌకగ లభించినది. పాత ఇంటిని పొగడునప్పుడు ఈ లెక్కను దాచుట న్యాయము కాదు. చీకటి గదులు, వంటయింటి పొగ, చెదలు, ఏటేట చవుడు మార్చకున్న కాఱు మిద్దె: ఇవియు నాటి జీవితమే. ఊరివెలుపలి గుడిసెలకు ఆపాటి మిద్దెయు లేదు.

మార్పు మెల్లగ వచ్చినది. 1865లో బాసెల్ మిషనుకు చెందిన ప్లెబ్స్ట్ అను జర్మనీయుడు మంగళూరున పెంకుల కర్మాగారము స్థాపించెను. ఆ పెంకు దక్షిణదేశమంతట వ్యాపించినది. సిమెంటును 1904లో చెన్నపట్టణమున తయారుచేయ ప్రయత్నించిరి. 1914లో పోరుబందరున ఆ పరిశ్రమ నిలదొక్కుకొన్నది. ఈలోగా 1902లో శివసముద్రమునుండి కోలారు బంగారుగనులకు, 1905లో బెంగుళూరు నగరమునకు విద్యుత్తు చేరినది. స్వాతంత్ర్యానంతరము సిమెంటు, ఇనుము, విద్యుత్తు మూడును మధ్యతరగతి ఇంటికి వచ్చినవి. సున్నము కొట్టువారి కూలి పెరిగినది. స్లాబు వారములో సిద్ధమగుచున్నది. ఎవరు మాత్రము దాని నెన్నుకొనరు? అయితే, వేడిని ఆపు పని కప్పునుండి జాఱి పంకాపై పడినది. పంకా చాలక ఏ.సి.పై పడినది. కూలికిచ్చు సొమ్మును మీటరునకు కట్టనారంభించితిమి.

ఆ భారమెంతయో చిన్నలెక్క చూతము. ఏ పూతయు పొరయు లేని 15 సెంటీమీటర్ల స్లాబు, పైకిని లోపలికిని ఒక డిగ్రీ భేదమున్నప్పుడు ప్రతి చదరపు మీటరుగుండ 3 వాట్లకు పైగా వేడిని లోనికి పంపును. కప్పు 100 చదరపు మీటర్లు, భేదము 10 డిగ్రీలు అనుకొన్నచో 3,000 వాట్లకు మించిన వేడి కప్పునుండియే దిగును. ఒక టన్ను ఏ.సి. తీసివేయగలది సుమారు 3,500 వాట్లు. అనగా ఒక యంత్రపు శక్తి దాదాపు సర్వమును స్లాబుతో పోరాడుటకే చెల్లును.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు గుర్తింపలేదనుట సరికాదు. బెర్లినున జన్మించిన ఆటో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానమునకు ముఖ్య వాస్తుశిల్పిగ వచ్చెను. 1948లో భువనేశ్వర నగర ప్రణాళిక రచించినదియు ఆయనయే. ఇట్లు కన్నడసీమకును ఒడ్రదేశమునకును పనిచేసిన యాతడు తర్వాత లండనున ఆచార్యుడై, 1970ల దశకమున తోడి రచయితలతో ఉష్ణదేశ గృహనిర్మాణముపై ఒక గ్రంథము ప్రకటించెను. పొడి వేడిమికి మందపు గోడయు ముంగిలియు, ఉక్కకు గాలియు నీడయు అనునది అందలి బోధ. అనంతపురపు మిద్దెయు కోనసీమ మండువాయు పుస్తకము లేకయే చెప్పిన మాట!

శాసనము ఆలస్యముగ వచ్చినది. 2001లో శక్తి సంరక్షణ చట్టము, 2007లో వాణిజ్య భవనములకు నిర్మాణస్మృతి వెలువడినవి. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ స్మృతిని తన రాష్ట్రమునకు స్వీకరించెను. నివాసగృహములకై 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత ప్రకటితమైనది. పైన మేము 3 వాట్లకు మించునని చెప్పిన ఆ సంఖ్య, ఈ సంహిత ప్రకారము 1.2 వాట్లను మించరాదు. 2022 సవరణ నివాసభవనములను గూడ చట్టపు పరిధిలోనికి తెచ్చినది. హైదరాబాదున 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రము అమెరికా వెలుపల ప్రప్రథమముగ లీడ్ ప్లాటినము శ్రేణి పొందినదని ప్రసిద్ధి. దానిలో నున్న దేమి? నడుమ ముంగిలి, చుట్టును జాలీ గోడలు, పైన పచ్చిక, గాలిగోపురములు. మన అవ్వలు చూచినచో ముంగిలియందు ఒడియములు ఆరబోసియుందురు.

ఇక ఇంటి విషయము. దూలములు గట్టిగ నున్న పాత కప్పును తొందరపడి తీయుట మా దృష్టిలో నష్టము. పడగొట్టుట తప్పనిచో, స్లాబు వేయునాడే దానిపై వేడి నాపు పొరను వేయింపవలెను. తర్వాత వేయించుట కష్టము, ఖర్చు. లారీ బేకర్ ప్రచారము చేసినట్లు స్లాబు నడుమ మంగళూరు పెంకు లిమిడ్చినచో కాంక్రీటును తగ్గును. ఇవేమియు కుదరనివారు కప్పుకు తెల్లసున్నము పూయవచ్చును, లేదా తెల్లని పింగాణి పెంకుముక్కలు పఱపింపవచ్చును. పడమటిగోడకు నీడ కల్పించుట అన్నిటికంటె సులభము. 75 వాట్ల పాత పంకాకు బదులు 30 వాట్ల చేరువలో నడచు క్రొత్త రకపు పంకాలు బజారున నున్నవి. బిల్లు తగ్గుట చిన్న లాభము కాదు.

అయినను ఇది బిల్లుతో పోవు విషయమనుకొనరాదు. 1998 వేసవిలో ఒడిశాయందు 2,042 మంది వడదెబ్బకు మరణించిరి. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా పోయిరి. వారిలో బయట కూలిచేసినవారు అనేకులు. పగలంతయు ఎండలో పనిచేసి రాత్రి కాగిన కప్పు క్రిందికి చేరు దేహమునకు విశ్రాంతి యెక్కడిది?

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లనికప్పుల విధానమును ప్రకటించినది. ప్రభుత్వ, వాణిజ్య భవనములకు అది తప్పనిసరి. నివాసములలో 600 గజములు, ఆపై స్థలమున్నవారికే నిర్బంధము. తక్కిన వారికి ఐచ్ఛికము. పాలమూరునుండి బొంబాయికి, బెంగుళూరునకు పోయి అంతస్తులు కట్టు కూలీలు ఆ కట్టడముల ప్రక్కనే రేకులషెడ్లలో వేసవి గడపుచున్నారు. వారికి 600 గజములు లేవు. ఆ రేకుపై వేయు తెల్లపూతకు డబ్బాడు సున్నము చాలును. దానిని పూయించవలసినవాడు మాత్రము పై అంతస్తు నమ్ముకొను యజమానియే.