గోదావరి డెల్టాలో శిస్తు, నీటి పన్ను

గోదావరి డెల్టాలో ఒకప్పుడు ప్రభుత్వానికి ప్రధాన ఆదాయాలుగా నిలిచిన శిస్తు, నీటి పన్ను ఆ ప్రాంతపు ప్రభుత్వ విధానాలను రెండు శతాబ్దాలుగా మలుస్తూ వచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్ట, నీటి తీరువా చట్టం, 1920ల నాటి రైతు ఆందోళన, నీటి సంఘాలు ఈ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. ప్రభుత్వం దేని మీద ఎంత ఖర్చు పెట్టగలదన్నది దాని రాబడిని బట్టే ఉంటుంది. ఆ రాబడి ప్రజల పంట మీద ఆధారపడినప్పుడు బొక్కసం బాగోగులు, పొలం బాగోగులు ఒకటే అవుతాయి.

నేపథ్యం

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ డెల్టా ఉన్న రాజమండ్రి జిల్లా వరుస కష్టాల్లో కూరుకుపోయింది. 1832-33 నందన నామ సంవత్సరపు కరువు, 1839లో కోరంగిని ముంచెత్తిన తుపాను జనాన్ని చితకగొట్టాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నది నిండుగా పారుతున్నా నీరు పొలానికి ఎక్కే దారి లేదు. పంట లేక శిస్తు రాలేదు. శిస్తు రాకపోయేసరికి ఈస్టిండియా కంపెనీ కారణాలు వెతకడం మొదలుపెట్టింది. కమిషనర్‌గా వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక ఇస్తూ జిల్లాకు నీటి పనులు అవసరమని సూచించాడు.

ఆనకట్ట, రాబడి లెక్క

ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ గోదావరిపై ఆనకట్ట కట్టాలన్న తన ప్రతిపాదనలో కావేరి డెల్టాను ఉదాహరణగా చూపాడు. తంజావూరుకు నీటి పనుల వల్ల సమకూరిన రాబడిని, అవి లేని రాజమండ్రి పరిస్థితిని పక్కపక్కన పెట్టి, ఆనకట్టకయ్యే ఖర్చు శిస్తు రూపంలో తిరిగి వస్తుందని వాదించాడు. తొలి అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. 1846లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా కట్ట నిలిచింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారాయి. నేడు ఆ పాత కట్ట స్థానంలో ఉన్న కాటన్ బ్యారేజీ కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

మానవతా దృష్టితో పాటు రాబడి దృష్టి కూడా ఉండబట్టే ఈ పనికి డబ్బు దొరికిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం. పన్ను తెచ్చే చోట పెట్టుబడి పెట్టిన ప్రభుత్వానికి పన్ను పెరిగింది, రైతుకు పంట పండింది.

నీటి తీరువా, రూపాయికి మూడణాలు

కాలువ నీటికి విడిగా పన్ను వేసే అధికారాన్ని 1865 నాటి మద్రాసు నీటి తీరువా చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రభుత్వం రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిలో కొన్ని దశాబ్దాలకొకసారి శిస్తును తిరిగి నిర్ణయించేవారు. దీనినే రీసెటిల్‌మెంట్ అనేవారు. 1920ల చివర కృష్ణా, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో శిస్తును 18.75 శాతం, అంటే రూపాయికి మూడణాల చొప్పున పెంచాలన్న ప్రతిపాదన వచ్చింది. దీనిపై డెల్టా రైతులు సభలు పెట్టి పోరాడారు. ఎన్.జి. రంగా వంటి నాయకులు గ్రామాల ఆర్థిక స్థితిగతులను లెక్కలతో ముందుకు తెచ్చారు. పంట పెరిగినంత మాత్రాన రైతు చేతిలో మిగులు పెరగదన్నది వారి వాదన. ధరలు పడిపోయిన ఆ రోజుల్లో ఆ వాదనకు బలం చేకూరింది.

శిస్తు నుంచి అమ్మకపు పన్నుకు

1937లో, డెల్టా అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. అబ్కారీ రాబడి తగ్గింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం చేసింది. ఆ తర్వాత రాష్ట్రాల ఖజానాకు శిస్తుకన్నా అమ్మకపు పన్ను పెద్ద ఆధారమైంది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికీ ఇదే చిక్కు ఎదురైంది. మద్యనిషేధం చుట్టూ సాగిన వివాదంలో 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించడంలోనూ రాబడి నష్టం ప్రధాన కారణంగా నిలిచింది. మంచి విధానమైనా దానికయ్యే డబ్బు దారి చూపకపోతే నిలవదని ఈ మూడు ఘట్టాలూ చెబుతాయి.

నీటి పన్ను, నీటి సంఘాలు

1988 నాటి ఆంధ్రప్రదేశ్ నీటి పన్ను చట్టం కింద నీటి వాడకాన్ని బట్టి పన్ను వేస్తారు. 1990ల మధ్యలో రేట్లు బాగా పెరిగాయి. పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి వరి పంటకు ఎకరాకు 60 రూపాయలున్నది 200 అయింది. రెండో వరి పంటకు 150, చేపల, రొయ్యల చెరువులకు 500గా నిర్ణయించారు. ఆ లెక్కన రెండెకరాల రైతు సార్వా (మొదటి పంట), దాళ్వా (రెండో పంట) రెండూ వరే వేస్తే ఏడాదికి 700 రూపాయలు కడతాడు.

ఈ పెంపుతో పాటే 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతుల భాగస్వామ్య చట్టం వచ్చింది. నీటి సంఘాలు ఏర్పడ్డాయి. వసూలైన పన్నులో వాటా తిరిగి కాలువల మరమ్మతుకే చేరాలన్నది దీని ఉద్దేశం. 2024 డిసెంబరులో ఈ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి.

డెల్టాలో ఈ మరమ్మతుల అవసరం కళ్లకు కనబడుతుంది. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ కొన్ని వారాల్లోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క తొలగించాలి, తూముల తలుపులు బాగుచేయాలి. సొమ్ము వేళకు రాకపోతే జూన్‌లో నీరు వదిలాక శివారు భూములకు చేరదు. అక్కడి రైతు పన్ను కట్టడానికి ఇష్టపడడు. వసూలు తగ్గితే వచ్చే ఏడాది మరమ్మతుకు డబ్బు ఇంకా తగ్గుతుంది.

నేటి బడ్జెట్‌లో స్థానం

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సొంత రాబడికి ప్రధాన ఆధారాలు 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ, పెట్రోలు, మద్యంపై పన్నులు, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. వీటికి తోడు కేంద్ర పన్నుల్లో వాటా వస్తుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ప్రకారం రాష్ట్రాలకు పంచే మొత్తంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతంగా ఉండేది. వీటి ముందు నీటి పన్ను చాలా చిన్నది. అయినా అది కాలువకు తిరిగి చేరితేనే శివారు పొలానికి నీరు అందుతుంది. కాటన్ చూపిన లెక్క నేటికీ మారలేదు.